ఇరవై కిలోలు

మా ఊరంటే డెబ్భైరెండు మంది.
అందరి బరువూ నాకు తెలుసు.
ఎవరికీ చెప్పను. ఉద్యోగ ధర్మం.

గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డున
సముద్రం గడ్డకట్టాక పడవ రాదు.
ఎర్ర హెలికాప్టర్ వస్తుంది, అదీ పొగమంచు ఒప్పుకుంటే.
రేకుల గదిలో నేనూ, నా కాటా, ఒక చీటీల పుస్తకం.
మనిషికి ఇరవై కిలోల సామాను.
ఇరవై ఒకటైతే నేనేమీ అనను,
ముల్లు వైపు చూస్తూ కూర్చుంటాను.
వాళ్ళే సంచి విప్పుతారు.

విప్పిన సంచి ముందు మనిషిని చూడాలి.
పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళే ముసలి ఇనోక్
మారుబట్టలు తీసేసి సీల్ మాంసం ఉంచుకుంటాడు.
"బట్టలు పట్నంలో దొరుకుతాయిరా, రుచి దొరకదు" అంటాడు,
ఉన్న నాలుగు పళ్ళూ పీకించుకోడానికి పోతూ.

ఇవాళ నివి వచ్చింది.
నెలలు నిండకముందే పట్నం చేరాలి,
ఆసుపత్రి అక్కడే.
నొప్పులు వాతావరణం చూసుకుని రావు కదా.
ఆరు వారాల ఎదురుచూపుకి ఒకటే సంచి.
ఇరవై మూడు కిలోల ఆరువందలు.

వంగలేక, నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని విప్పింది.
రెండో జత బూట్లు పక్కన పెట్టింది.
ఎండు చేపల పొట్లం తీసి, వాసన చూసి,
మళ్ళీ లోపలే పెట్టేసింది.
జామ్ సీసా. లావుపాటి పుస్తకం.
పెళ్ళి ఫోటో చట్రం విప్పి, గాజూ చెక్కా నాకిచ్చి
కాగితం మాత్రం జేబులో పెట్టుకుంది.
అమ్మమ్మ ఇచ్చిన నెలవంక కత్తి చేతిలో తిప్పి తిప్పి చూసి
"అక్కడ ఎవరో ఒకరు ఇస్తారులే" అంది.
అలాంటి కత్తి ఎవరూ ఎవరికీ ఇవ్వరని ఇద్దరికీ తెలుసు.
ఐదు ఊలు ఉండల్లో మూడు తీసింది.
సూదుల మీదున్న చొక్కాకి ఇంకా చేతులు రాలేదు.
"చేతుల్లేని చొక్కా తొడుగుతావా?" అన్నాను.
"ముందు మనిషిని రానీ" అని నవ్వింది.

తీసినవన్నీ ఊరికే కాటా మీద పెట్టాను.
మూడు కిలోల ఆరువందలు.
ఆ అంకె చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇక తనని తూచాలి.
ఎక్కింది, ముల్లు చూడకుండా గోడ వైపు చూసింది.
ఒట్టిమనిషి కాదు, ఎలా రాయను?
చీటీలో ఒకే గడి.
ఒక పేరు, ఒక అంకె.

పోయినేడు ఇదే కాటా ఎక్కింది అమాలియా.
పంతొమ్మిది కిలోల సంచితో వెళ్ళింది.
నెలన్నరకి దిగింది.
దిగేవాళ్ళ సామాను తూచే పని నాది కాదు,
కానీ ఇన్నేళ్ళకి నా చెయ్యి కూడా కాటాయే.
సంచి అందుకున్నాను. పంతొమ్మిది.
అల్లిన టోపీతో సహా అన్నీ వెనక్కొచ్చాయి.
ఇంటిదాకా మోశాను.
గుమ్మం దగ్గర "బరువుగా ఉందా?" అనడిగింది.
లేదన్నాను.
అంత తప్పు అంకె
నా చీటీల్లో ఎక్కడా లేదు.

హెలికాప్టర్ వచ్చి దిగింది. రెక్కల గాలికి మంచు లేచి
ఎవరి ముఖం ఎవరికీ కనబడని ఆ నిమిషంలో
నివి వీపు మీద వేలాడే కోటు టోపీలోకి
మూడు ఊలు ఉండలూ జారవిడిచాను.
మనిషిని అప్పటికే తూచేశాం.
చీటీ రాసేశాను.

మిగిలినవి అట్టపెట్టెలో, బల్ల కింద.
జామ్ సీసా మూత ఒకసారి తీశాను, చెప్పకండి.
కత్తికి తుప్పు పట్టకుండా
వారానికోసారి నూనె రాస్తున్నాను.